గడియారాల మామ నోటుబుక్కు

రిటైరైన పంతుళ్ళమంతా ఈమధ్య వనపర్తిలో ఒకచోట కలిసి భోజనాలు పెట్టుకున్నాం. విస్తళ్ళలో ఇంకా పప్పు పడకముందే, నాతో పదేళ్ళు ఒకే బడిలో పనిచేసిన లెక్కల సారు లేచి, అందరికీ నవ్వు తెప్పించే సంగతి ఒకటి చెబుతానని, గద్వాలలో ఒకప్పుడు పట్టుబడిన రేడియో గూఢచారి కథ ఎత్తుకున్నాడు. గడియారాలు బాగుచేసే సాయిబు ఒకడు నేతరాట్నానికి తీగలు చుట్టి పైదేశానికి కబుర్లు పంపేవాడట, నోటుబుక్కు నిండా రహస్యపు అంకెలేనట, పోలీసులు వచ్చేసరికి నోట మాట రాలేదట. చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ అతను చెబుతుంటే అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడే లేచి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. విస్తరి ముందునుంచి లేచి, ఎవరికీ చెప్పకుండా బస్టాండుకు నడిచి గద్వాల బస్సెక్కాను.

బీచుపల్లి వంతెన దాటేదాకా నాలో నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను. లెక్కల సారు గద్వాల మనిషి కాడు, ఆ రోజుల్లో గద్వాలలో లేడు, ఆ మనిషి ముఖమైనా చూడలేదు. ఎవరో చెప్పింది విని, దానికి కొంత కలిపి, నలభై యాభై ఏళ్ళ తర్వాత కూడా భోజనాల్లో ఊరగాయ వడ్డించినట్టు వడ్డిస్తున్నాడు. ఒక మంచి మనిషి బతుకు వీళ్ళకు అన్నంలో నంజుకునే పచ్చడైపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. నా ఈడువాళ్ళు, తోలు కవరు వేసిన చిన్న రేడియోను బిడ్డలా చంకలో పెట్టుకుని తిరిగినవాళ్ళు, జరిగినది జరిగినట్టు తెలుసుకోవాలి.

మాది గద్వాలలో నేత ఇల్లు. నాన్న మగ్గం మీద, అమ్మ రాట్నం దగ్గర, నేను డిగ్రీ ముగించి నౌకరి కోసం ఎదురుచూపుల్లో. మగ్గం గుంతలో కూర్చున్న మనిషికి చేతులూ కాళ్ళూ రెండూ పనిలోనే ఉంటాయి, ఖాళీగా ఉండేవి చెవులే కాబట్టి మా గల్లీలో ప్రతి ఇంట్లో ఒక రేడియో ఉండేది. ఆ రేడియోలన్నిటికీ వైద్యుడు ఒక్కడే, మేమంతా మామ అని పిలిచే గడియారాల మామ. అసలు పని గడియారాలే అయినా, డయలు దారం తెగినా, సెల్లులు కారి లోపల పచ్చగా చిలుం పట్టినా, జనం ఆయన దగ్గరికే పోయేవాళ్ళు. మనిషి రెండు చేతులూ చాచితే గోడలు తగిలేంత కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని పని చేస్తూ, వచ్చినవాళ్ళతో తల ఎత్తకుండానే మాట్లాడేవాడు. గొంతును బట్టి మనిషిని, ముల్లు చప్పుడును బట్టి గడియారాన్ని గుర్తుపట్టేవాడు.

దూరపు స్టేషన్లు వినే పిచ్చి నాకు ఆయనే అంటించాడు. మా ఇంటి రేడియో దారం వేయించుకోవడానికి ఒక సాయంత్రం పోతే, బాగుచేసిన సెట్టును చేతిలోకి తీసుకుని మెల్లగా పక్కకు తిప్పాడు. అప్పటిదాకా మోగుతున్న స్టేషను మాయమై, దాని కిందినుంచి ఎక్కడిదో అర్థం కాని భాషలో ఆడమనిషి గొంతు వచ్చింది. రేడియో ముఖం వైపు, వీపు వైపు వింటుందని, రెండు చెవుల వైపు మాత్రం చెవిటిదని ఆయన నవ్వుతూ వివరించాడు. లోపల పడుకోబెట్టిన నల్లటి కడ్డీ చేసే పని అది. అడ్డం వచ్చే స్టేషను వైపు దాని చెవి పెడితే చాలు, ఆ స్టేషను నోరు మూసుకుంటుంది. ఆ ఉపాయం తెలిశాక నాకు నాలుగైదు రోజులు అన్నం సయించలేదు.

పొద్దు గూకేటప్పుడు తూర్పు దేశాలు వచ్చేవి, తెల్లవారుజామున పడమటి దేశాలు వచ్చేవి. చీకటి ఎటుంటే గొంతులు అటునుంచి నడిచి వస్తాయని మామ అనేవాడు. సిలోను పాటలకు అయితే ఏ తంటా అక్కర్లేదు, రాళ్ళు వేసినా ఆగేవి కావు. మాకు కావలసినవి వాటి వెనకాల నక్కి ఉండే సన్నటి గొంతులు. సెల్లులు నీరసించినప్పుడు వాటిని ఎండలో పెట్టి మళ్ళీ వేసేవాళ్ళం. ఇప్పుడు అదే పట్టీ మీద ముల్లు ఎక్కడికి జరిపినా జుయ్యిమనే మోత తప్ప ఏముంది! వీధి దీపం మోత, పక్కింటి ఇన్వర్టరు మోత, మన జేబులో ఫోను చార్జరు మోత. ఎవరికైనా చెబితే ఫోనులో అన్ని స్టేషన్లూ వస్తాయి కదా సార్ అంటారు. చెరువులో గాలం వేసి కూర్చున్నవాడికి బజారులో చేపలు దొరుకుతాయి కదా అని చెప్పినట్టు ఉంటుంది ఆ మాట.

రాట్నం సంగతి చెప్పాలి. అమ్మ కొత్త రాట్నం తెచ్చుకున్నాక పాతది అటక మీద పడి ఉంటే, నేను దాన్ని మామ కొట్టుకు మోసుకుపోయాను. దాని చక్రం అంచు చుట్టూ ఇద్దరం సన్నటి రాగి తీగ చుట్టి, పాత సెట్టులోంచి తీసిన గ్యాంగును, అంటే స్టేషను మార్చడానికి తిప్పే రేకుల ముక్కను, దానికి కలిపాం. చిత్రం ఏమిటంటే రేడియోకు దానికీ మధ్య ఏ తీగా ఉండదు. పక్కన పెట్టి గ్యాంగు తిప్పితే చాలు, అప్పటిదాకా గుసగుసలాడిన గొంతు గదిలోకి వచ్చి కూర్చునేది. చక్రం అంచు ఎటు చూస్తే అటునుంచి వినబడేది. నూలు కండెలు చుట్టిన రాట్నంతో దేశాలు చుడుతున్నామని మామ మురిసిపోయేవాడు.

విన్నదాన్ని ఊరికే వదిలేవాళ్ళం కాదు. ఏ రోజు, ఏ వేళ, డయలు మీద ఎక్కడ, ఎంత బాగా వినబడిందీ రాసి ఆ స్టేషనుకు పంపితే, నిజంగా విన్నామని ఒప్పుకుంటూ వాళ్ళు బొమ్మల కార్డు పంపేవాళ్ళు. ఎంత బాగా వినబడిందో చెప్పడానికి అయిదు అంకెలు ఉంటాయి. గొంతు బలం ఎంత, పక్క స్టేషను అడ్డు ఎంత, గాలిలో గరగర ఎంత, గొంతు ఆటుపోట్లు ఎంత, మొత్తం మీద ఎట్లా ఉంది, ఒక్కొక్కదానికి అయిదుకు ఇన్ని అని మార్కులు. నాలుగు మూడు నాలుగు మూడు మూడు అని ఒక వరుస, దాని కింద మరో వరుస. నోటుబుక్కు నిండా తేదీలు, వేళలు, ఈ అంకెలే. రాసిన చేయి నాది. పేరు మాత్రం మామది, వినేది ఆయన సెట్టులో కాబట్టి. ఆ రోజుల్లో రేడియోకు లైసెన్సు ఉండేది కదా, పోస్టాఫీసులో ఏటేటా బుక్కు మీద ముద్ర వేయించుకునేవాళ్ళం. లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ పేరుతోనే స్టేషనుకు రాయాలని నేను గట్టిగా నమ్మాను. అట్లా అని ఏ కాగితంలోనూ లేదు, ఎవరూ చెప్పలేదు. చదువుకున్న మూర్ఖుణ్ణి, చట్టం తప్పకూడదనుకున్నాను. నౌకరి పరీక్షలకు చదవకుండా ఈ పనేమిటని నాన్న తంతాడని, నోటుబుక్కునూ మామ కొట్టులోనే దాచేవాణ్ణి.

నాకు అమరచింత బడిలో పంతులు నౌకరికి ఆర్డరు వచ్చింది. చేరాను కానీ, పోలీసుల విచారణ కాగితం వస్తేనే అది పక్కా. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళు, నడుము పట్టేసిన నాన్న, అందరి కళ్ళూ ఆ కాగితం మీదే. సరిగ్గా ఆ రోజుల్లోనే సరిహద్దులో ఏదో ఉద్రిక్తత అని పేపర్లలో రావడం, పొరుగు దేశపు స్టేషను నుంచి వచ్చిన కార్డు ఒకటి ఎవరి కంటనో పడడం జరిగాయి. ఎవరు చెప్పారో, ఏమని చెప్పారో ఇప్పటికీ తెలియదు. నేను సెలవు మీద ఇంటికి వచ్చిన పొద్దున మామ కొట్టు ముందు జనం మూగారని అమ్మ వచ్చి చెప్పింది.

పోయి చూస్తే పోలీసు జమేదారు చేతిలో నా నోటుబుక్కు, గడప మీద రాట్నం. ఈ అంకెలు ఏందని, రేడియోకు తగలని తీగ ఎక్కడికి పోతుందని ఆయన అడుగుతున్నాడు. మామ ఓపికగా ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడు. అయిదుకు ఇన్ని మార్కులు అంటే జనంలో ఒకరు కిసుక్కున నవ్వారు. అదే గల్లీ జనం, ఆయన చేతుల్లో తమ రేడియోలు పెట్టి నిశ్చింతగా పోయిన జనం. ఎవరు రాసిండ్రు ఇది అని జమేదారు అడిగాడు. మామ తల ఎత్తాడు. జనం వెనకాల నిలబడ్డ నన్ను చూశాడు.

"నేనే రాసిన సాబ్. మా ఇంట్ల ఇంకెవలికి రాయనీకె రాదు."

ఆ మాట అని, నన్ను చూస్తూనే గొంతు కొంచెం పెంచాడు. "బడికి పొద్దు పోతలేదా సారు? జర తొందరగా పో."

అప్పటిదాకా నన్ను బేటా అనేవాడు. సారు అనడం అదే మొదటిసారి. నేను పోయాను. సెలవు ఇంకా ఒక రోజు ఉండగానే అమరచింత పోయి, ఖాళీ గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను.

మామను ఠాణాలో రెండు రోజులు కూర్చోబెట్టి మూడో రోజు వదిలేశారు. ఏమీ దొరకలేదు, దొరకడానికి ఏమీ లేదు కాబట్టి. వదిలేసినవాళ్ళు, ఇతను మంచివాడని ఊరికి చెప్పి వదలరు కదా! జనం గడియారాలు ఇవ్వడం మానేశారు. మొదట వేరే పని ఉందని, తర్వాత చెప్పకుండానే. మా నాన్న కూడా మా రేడియోను వేరే చోటికి తీసుకుపోయాడు. ఎందుకని అడిగే నోరు నాకెక్కడిది? ఆరు నెలలు ఖాళీ కొట్టులో కూర్చుని, మామ భార్యాబిడ్డలతో రాయచూరులో అత్తవారి వైపుకు వెళ్ళిపోయాడు. ఆలోపే నా కాగితం వచ్చింది. నౌకరి పక్కా అయింది. ఆ నౌకరి మీదే చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాను, ఇప్పుడు నెలనెలా తింటున్న పెన్షనూ దానిదే.

వనపర్తి నుంచి ఇంటికి చేరాక, మా పంతుళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇదంతా రాశాను. నోటుబుక్కు నాది, అంకెలు నావి, మామకు ఏ పాపమూ తెలియదని. నాలుగు దండాలు వచ్చాయి, రెండు బొటనవేళ్ళు వచ్చాయి. లెక్కల సారు, ఊరికే నవ్వుకోవడానికి చెప్పిన, మనసుకు తీసుకోవద్దు అని రాశాడు. ఇంకొకాయన పాత సంగతులు తవ్వుకోవడం ఎందుకన్నాడు. ఆ కిందనే ఎవరో మర్నాటి శుభోదయం పువ్వు పెట్టారు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. మనిషి మీద మచ్చ వేసేటప్పుడు అందరికీ తీరిక ఉంటుంది, తుడిచేటప్పుడే పాత సంగతి అవుతుంది.

ఆ మంటతోనే రాయచూరులో నాకు తెలిసిన చీరల వ్యాపారిని పట్టుకుని మామ కూతురి నంబరు సంపాదించాను. చిన్నప్పుడు కొట్టుకు చాయ్ తెచ్చేది, ఇప్పుడు ఆమే నానమ్మ. లెక్కల సారు కూతలు, నా కోపం, గ్రూపులో రాసిందీ అంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఆమె మెచ్చుకుంటుందని కాదు గానీ, కనీసం నాతోపాటు కోప్పడుతుందనుకున్నాను. ఆమె చివరిదాకా విని, చాలా మెత్తగా అన్నది.

"బుక్కు నీదని మాకు ఎరికే అన్నా. నువ్వు రాస్తుంటె నేను పక్కల కూసోని సూసిన గద. అబ్బ నీ పేరు ఎన్నడు బయట తీయలె, మమ్ములను తీయనియ్యలె. గా సారుకు మా అబ్బ ఎవలో తెల్వదు, నవ్విండు. నీకు తెల్సు. ఈడికొచ్చినంక అబ్బ పదకొండేండ్లు బతికిండు. ఒక్కపారన్న వస్తవనుకున్నడు."

గద్వాల నుంచి రాయచూరు బస్సెక్కితే రెండు గంటల దారి. మా మగ్గం చీరలు దుకాణాల్లో వేయడానికి, పెళ్ళిళ్ళకు, ఊరికే కూడా నేను ఆ ఊరికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆ పదకొండేళ్ళలోనూ పోయాను. ఆయన ఉండే గల్లీ ఎటో అడగకుండా జాగ్రత్తగా తిరిగి వచ్చాను. ఇన్ని కాగితాలు కోపంతో నింపాను, అందులో సగమైనా వనపర్తి వాళ్ళ మీద పెట్టుకునే అర్హత నాకు ఉందా?

మన రోజుల్లో మనుషులు ఒకరి కోసం ఒకరు నిలబడేవాళ్ళని, ఇప్పుడు అన్నీ మారిపోయాయని మా ఈడువాళ్ళం కలిస్తే చెప్పుకుంటాం. నేనూ ఎన్నో సభల్లో చెప్పాను. మారిన మాట నిజమే. ఆ స్టేషన్లు చాలావరకు మూతపడ్డాయి, విందామన్నా గాలి నిండా మోతే. కానీ నిలబడినది మామ ఒక్కడు. మిగిలినవాళ్ళం అప్పుడూ ఇట్లాగే ఉన్నాం. ఫోను పెట్టేముందు ఆమె, అబ్బ గోరి వాళ్ళ ఇంటికి దగ్గరేనని, పొద్దున బస్సుకు వస్తే చూసుకుని సాయంత్రానికి తిరిగి పోవచ్చని చెప్పింది. వస్తానన్నాను. అది చెప్పి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.