తలుపు అవతలి గొంతు

గ్యాసు తనిఖీకి వచ్చానన్న మనిషిని కామమ్మ వంటగది దాకా రానిచ్చింది. వాడు వెళ్ళాక చూస్తే దేవుడి గూట్లో ఇత్తడి కుందులు లేవు. "కుందులు పోతే పోనాయి, అత్తమ్మ మీద చెయ్యెయ్యలేదు. అంతా అప్పన్న సామి దయ," అని కోడలు నూకరత్నం దణ్ణం పెట్టుకుంది. కానీ అప్పటినుంచి ఆఫీసులో ఆమె మనసు నిలవడం లేదు. భర్త కొండబాబు ఓడ మీద పనిచేస్తాడు. ఈ దీవుల్లో, బ్రూక్షాబాద్‌లోని ఇంట్లో పగలంతా ముసలామె ఒక్కతే.

ఆఫీసు దగ్గరే, డెలానీపూర్‌లో, తిరుమలరావు దుకాణం. అతను రెండు రకాల వీడియో డోర్‌బెల్‌లు బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ ఫోన్‌లో కనబడతాది దీదీ. ఆఫీసులో కూకునే మాటాడొచ్చు. ఇదేమో, ఇంట్లోపల తెర తగిలించుకునేది. నెట్ అక్కర్లేదు. లోపలున్నోళ్ళే చూసి మాటాడాల."

"మా అత్తమ్మ తెర చూసి ఏటి పోల్చుకుంటాది? ఫోన్‌దే ఇయ్యి. నానే చూసుకుంటాను."

బెల్ బిగించిన మర్నాడు మధ్యాహ్నం ముసురు పట్టింది. ఫోన్ మోగింది. తెర మీద, తమ గుమ్మం ముందు, బస్తాతో ఎవరో కొత్త మనిషి.

నూకరత్నం ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "కౌన్ హై? ఎవరది?" అని గద్దించి, అతను నోరు తెరిచేలోపే కేక పెట్టింది. "అత్తమ్మా, తలుపు తియ్యకు!"

ఆ కేక గుమ్మం బయటి బెల్‌లోంచి వినిపించింది. లోపల చెవులు మందగించిన కామమ్మకు మాట అందలేదు, కోడలి గొంతు మాత్రం అందింది.

"వచ్చేసినావేటే? ఉండు, తీస్తన్నాను."

"నాను కాదు! నాను ఆఫీసులో ఉన్నాను!"

ఆమె ఎంత గట్టిగా అరిస్తే గడియ అంత తొందరగా కదిలింది. అంతలో నెట్ పోయింది. బొమ్మ ఆగిపోయింది. పక్కింటి సాయిలక్ష్మికి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆఫీసు బయట ఆటో అబ్బాయి ఆమె ముఖం చూడగానే బండి ఆపాడు. "బైఠియే దీదీ," అని ఎక్కించుకుని బండి దూకించాడు. దారి పొడుగునా ఆమె పెదవుల మీద అప్పన్న పేరే.

తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్టు మీద బస్తా. ఆ మనిషి మాత్రం గేటు బయట వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"చౌల్దారీ ఊరి నుంచి మీ చుట్టం గవరయ్య గారు కంద పంపారమ్మా. నన్ను జితేంద్ర అంటారు. తియ్యొద్దన్న మీ కేక విన్నాను. తలుపెయ్యమంటే అమ్మ వెయ్యరు, కోడలు బయటుందంటారు. తెరిచిన ఇంట్లో ఆవిణ్ణి వదిలి పోలేక..."

నూకరత్నం కళ్ళు తుడుచుకుని అతనికి తువ్వాలు తెచ్చిచ్చింది. కామమ్మ డోర్‌బెల్ కేసి అనుమానంగా చూస్తోంది. "నీ గొంతు ఇందులో ఎలగ దూరినాదే?"

మర్నాడే తిరుమలరావు ఆ డోర్‌బెల్ తీసుకుని రెండో రకం ఇచ్చాడు. లోపలి తెరను నూకరత్నం దేవుడి గూటి పక్కనే తగిలించి, ఏ మీట నొక్కి మాట్లాడాలో అత్తగారికి చూపించింది.

ఆదివారం బెల్ మోగింది. తెర మీద ఎవరో తెలియని కుర్రాడు. నూకరత్నం వంటగది గుమ్మంలోనే ఆగింది. కామమ్మ గడియ వైపు ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి, తెర ముందుకు వెళ్ళి మీట నొక్కింది.

"నిన్ను నానెరగను బాబూ. తలుపు తియ్యను. దాహమేస్తే కిటికీ కాడికి రా, నీళ్ళిస్తాను."

నూకరత్నం చెంబు కడిగి అత్తగారి చేతికిచ్చింది.