దుబాయ్ కెమెరాలో అక్క పెళ్ళి

ఆ రోజుల్లో కెమెరా అంటే చేతికి తెలిసిన వస్తువు. కళ్ళు పెళ్ళికూతురి మీదే ఉంచి వేళ్ళతో తడిమితే చాలు, ఇక్కడ చక్రం, అక్కడ మీట, ఆ పక్కన బటన్ అని దొరికిపోయేవి. (మా అవ్వ, అంటే అమ్మ, కరెంటు పోయినప్పుడు పోపు వేసినా ఆవాలకు బదులు మెంతులు పడ్డ పాపాన పోలేదు. ఇదీ అలాంటి విద్యే.) మొన్న మా అమ్మాయి కొత్త కెమెరా ఒకటి కొనుక్కుని వచ్చి, "చూడు డాడీ, అన్ని పైననే ఉన్నయి, మెనూలకు పోవుడే అక్కర లేదు" అని చక్రాలు తిప్పి చూపించి మురిసిపోయింది. నేనూ మురిశాను, కానీ లోలోపల నవ్వు ఆగలేదు. ఎందుకంటే ఒకప్పుడు ఇదే మెనూ నన్ను నిలువునా ముంచబోయి, ఏం బుద్ధి పుట్టిందో, ఒడ్డున పడేసింది.

అప్పుడు నేను పెద్దపల్లిలో ఒక ఫోటో స్టూడియోలో పని నేర్చుకుంటున్నాను. స్టూడియో ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. మా బాపుకు నా పని మీద బొత్తిగా నమ్మకం లేదు. "ఫోటోలు దిగుటానికి మంచిగుంటయి గని, తీసుకుంట ఎట్ల బతుకుతవ్‌ర?" అనేవాడు. మేనత్త కొడుకు, మా దుబాయ్ బావ, ఏడాదికోసారి అత్తరు వాసనతో దిగినప్పుడల్లా బాపుకు నా భవిష్యత్తు గుర్తొచ్చేది. నా పాస్‌పోర్టు కూడా చేయించి బీరువాలో పెట్టాడు. నాకేమో ఆ బీరువా తలుపు కిర్రుమంటే చాలు, స్టూడియోలో పనుందని బయటపడేవాణ్ణి. చివరికి అక్క పెళ్ళి కుదిరినప్పుడు బాపు ఒక మాట తేల్చాడు. "వీడియోకు వేరేటోళ్ళను మాట్లాడిన. ఫోటోలు నువ్వే తియ్యి. నల్గురు మెచ్చుకున్నరా, నీ ఇష్టమున్నట్టు బతుకు. లేకపోతే నోరు మూసుకోని బావెంబడి ఇమానమెక్కు."

నేను సరేనన్నాను. ఫోటోలు తీయడం నాకు కొత్తా? సరిగ్గా ఆ పెళ్ళికే బావ దుబాయ్ నుంచి నాకో డిజిటల్ కెమెరా తెచ్చాడు. సబ్బుబిళ్ళంత ఉంది, అద్దంలా మెరుస్తోంది. "ఇండ్ల లేనిది లేదు" అన్నాడు. నిజమే, అన్నీ లోపలే ఉన్నాయి. బయట మాత్రం ఫోటో తీసే బటన్, వెనక ఒక గుండ్రటి బటన్ తప్ప ఇంకేమీ లేవు. ఫ్లాష్ ఆపాలన్నా మెనూలోకి పోవాలి, తేదీ మార్చాలన్నా మెనూలోకే పోవాలి. ఉస్తాద్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "గిదేందిర, దీనికి ముక్కు లేదు, చెవులు లేవు! నా పాతదొకటి గూడ సంచిల ఏసుకో" అన్నాడు. "గా బరువు ఎవడు మోస్తడు ఉస్తాద్?" అన్నాను నేను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అని ఊరికే అనలేదు.

పెళ్ళి రోజు పొద్దున అక్కకు నలుగు పెడుతుంటే ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. తీసినవి తీసినట్టే కనబడే కెమెరా మా వాళ్ళెవరూ చూసి ఎరగరు. "ఏదీ, నన్ను చూపియ్యి" అని పెద్దమ్మ గుంజుకుంది. పెద్దమ్మ నుంచి చిన్నమ్మకు, చిన్నమ్మ నుంచి మా చెల్లెకు, అక్కడి నుంచి ఎవరెవరికో. గదంతా తిరిగి నా చేతికి వచ్చేసరికి కెమెరాకు కూడా నలుగు పెట్టినట్టే ఉంది. తువ్వాలతో తుడిచి చూద్దును కదా, అందులో ఇంగ్లీషు మాయమైంది. మెనూ నిండా అరబ్బీ! ఎవరి పసుపు వేలు ఎక్కడ పడిందో దేవుడికే తెలియాలి.

పరుగున పోయి బావను పట్టుకున్నాను. అన్నేళ్ళు అక్కడే ఉన్నాడు కదా అని నా ధీమా. ఆయన తల గోక్కుని, "మాట్లాడొస్తది బామ్మర్ది, సదువరాదు" అన్నాడు. నా మొహం చూసి పెళ్ళికొచ్చిన టైలర్ చాచా లేచి వచ్చాడు. మా ఇంటి రవికలన్నీ ఆయనవే. "ఫికర్ జెయ్యకు బేటా, రోజు ఖురాన్ సదివేటోన్ని, సదువుడు నాకొస్తది" అని కళ్ళజోడు పెట్టుకుని, మెనూను మొదటి నుంచి చివరి దాకా ఎంతో శ్రావ్యంగా చదివాడు. చుట్టూ ఉన్నవాళ్ళు భక్తిగా చేతులు కట్టుకున్నారు. "అర్థమేంది చాచా?" అంటే ఆయన ఆశ్చర్యపోయి, "అర్థమా? గది నాకేమెరుక? సదువుమంటివి, సదివిన" అన్నాడు.

అప్పుడు బావకు ఒక ఆలోచన తట్టింది. చాచా చదవాలి, బావ విని అర్థం చెప్పాలి, నేను నొక్కాలి. ఒక్క కెమెరాకు ముగ్గురం కూర్చున్నాం. చాచా ఒక్కో వరుసా చదువుతుంటే బావ కళ్ళు మూసుకుని వింటున్నాడు. బావకు వచ్చిన అరబ్బీ అంతా ఇటుకలు మోసే చోట మేస్త్రీ అరిచే అరబ్బీ. కెమెరాకేమో ఇటుకలతో పనిలేదాయె. చాలాసేపు విన్నాక ఒక వరుస దగ్గర బావ ఉన్నట్టుండి, "ఆఁ, గిదే, ఒత్తు!" అన్నాడు. ఒత్తాను. భాష మారలేదు. సరిగ్గా అప్పుడే మండపం నుంచి "ఫోటో పిలగాడేడి?" అని కేక వినబడింది. బటన్ నొక్కితే ఫోటో పడుతుంది కదా, భాషతో మనకేం పని అనుకుని ఉరికాను.

జీలకర్ర బెల్లం పెట్టే వేళ. నొక్కాను. ఫోటో పడలేదు. కెమెరా ముందర ఎర్ర లైటు మినుకు మినుకుమంటూ, లోపల ఏదో కుయ్ కుయ్‌మంటోంది. అప్పుడర్థమైంది, బావ ఒత్తించింది మనం నొక్కి పరుగెత్తుకెళ్ళి గుంపులో నిలబడటానికి పెట్టే టైమర్ అని. ఉస్తాద్ పాత కెమెరాకైతే దానికి ముందర చిన్న మీట ఉంటుంది, వేలితో పైకి నెడితే సరి. ఇక్కడ ఆ మీట అరబ్బీ అడవిలో ఉంది. అది తీరిగ్గా క్లిక్‌మనేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది. పెళ్ళికొడుకు ఆవులిస్తున్నాడు. మూలన బావ, చాచా నాకేసి చూసి 'ఎట్లుంది' అన్నట్టు కళ్ళెగరేస్తున్నారు.

"అయ్యగారూ, జర ఆగుండ్రి" అని పంతులుగారిని బతిమాలాను. "నీ డబ్బా కోసం ముహూర్తం ఆగుతదా బిడ్డా?" అన్నాడాయన. ఇక మిగిలింది ఒకటే దారి, ముందే నొక్కడం. పుస్తె పళ్ళెం పెద్దలందరి చేతా ముట్టించుకుని మండపంలోకి తిరిగి రాగానే లెక్క వేసుకుని నొక్కాను. అంతలో మేనత్త, "అయ్యో, నేను ముట్టలే!" అంటూ వంట దగ్గర నుంచి ఉరికొచ్చింది. పళ్ళెం వెనక్కి మళ్ళింది, కెమెరా మేనత్త వీపును శుభ్రంగా పట్టుకుంది. మళ్ళీ నొక్కాను, అది క్లిక్‌మనేలోపే బాజాలు మోగాయి, అక్షింతలు పడ్డాయి, పుస్తె కట్టడం అయిపోయింది. కుయ్ కుయ్‌మంటున్న కెమెరాను దింపకుండా అలాగే పట్టుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు. అక్క పెళ్ళికని అందరూ అనుకున్నారు గానీ, నాకు కనబడుతున్నది విమానం. (తలంబ్రాలు ఎంతసేపైనా పోసుకుంటారు కాబట్టి, అవి మాత్రం దక్కాయి.)

ఫోటోలు కరీంనగర్‌లో కడిగించుకుని వచ్చిన రోజు, బాపు మంచం మీద కూర్చుని ఒక్కొక్కటే తిప్పాడు. ఆవులింత. మేనత్త వీపు. అక్షింతలు వేసేసి బంతి భోజనాల వైపు తిరిగిన జనం. జడలో చిక్కిన బియ్యం ఏరుకుంటూ పకపకా నవ్వుతున్న అక్క. బాపు వెనక నిలబడి చూస్తున్న అవ్వ చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. బాపు నవ్వలేదు. నేను బీరువా వైపు చూడకుండా నిలబడ్డాను.

ఒక ఫోటో దగ్గర ఆయన చెయ్యి ఆగింది. పుస్తె కట్టాక తీసినది. ముందర అక్క తల వంచుకుని ఉంది. వెనక బాపు, పని అయిపోయింది, ఇక ఎవరూ చూడటం లేదనుకుని, కండువా కళ్ళకు అద్దుకుంటున్నాడు. మా బాపు ఏడవగా మేమెవ్వరం చూడలేదు. అవ్వ నవ్వు ఆగిపోయింది.

"గిదెప్పుడు తీసినవ్‌ర?"

"పుస్తె కట్టంగ నొక్కిన బాపు. అది ఆలిశంగ తీసింది."

బాపు ఫోటోను కట్టలో పెట్టబోయి, పెట్టకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. "నువ్వు దుబాయ్ పోతే, రేపు చెల్లె పెండ్లికి ఎవడు తీస్తడు?" అని, నా జవాబు కోసం ఆగకుండా లేచి వాకిట్లోకి పోయాడు.

ఆ ఫోటోను పెద్దది చేయించి గోడకు తగిలించాను. "గా ఏడుపు ఫోటో తియ్యిర గోడకెల్లి" అని బాపు ఉన్నన్నాళ్ళూ గొణిగాడు, తాను మాత్రం ఏనాడూ తీయలేదు. ఇప్పుడు కరీంనగర్‌లో నాకూ ఒక స్టూడియో ఉంది. ఆ దుబాయ్ కెమెరా అందులోనే ఒక సొరుగులో పడి ఉంది, ఇప్పటికీ అరబ్బీలోనే. చాచా లేడు, చదివేవారు లేరు. నా చేతిలో ఉన్నదానికి కావలసినన్ని బటన్లు, నొక్కీ నొక్కక ముందే ఫోటో పడుతుంది. అయినా పుస్తె కట్టడం అయిపోయి, జనం భోజనాల వైపు తిరిగాక కూడా నేను కన్ను తీయను. పెళ్ళికూతురి తండ్రి ఎక్కడున్నాడా అని వెతుకుతుంటాను. "అయిపోయిందా అన్నా?" అని పెళ్ళికొడుకులు విసుక్కుంటారు.

"జర ఆగుండ్రి" అంటాను.