తాత పాసైన కాయితం

మలేసియాలో బాగన్ దాతుక్ అనే ఊళ్ళో ప్రభుత్వ హైస్కూల్లో చరిత్ర చెప్పే రత్నావతికి రెండే రెండు పిచ్చులు. ఒకటి అసలు కాయితాల పిచ్చి, రెండోది తాత పిచ్చి. ఈ రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయని ఆవిడ కల్లో కూడా అనుకోలేదు పాపం.

"పుస్తకంలో ఉందని నమ్మకండి. నేను చెప్పానని అసలే నమ్మకండి. ఆ కాలం నాటి కాయితాన్ని అడగండి" అనేది యుద్ధాల పాఠం మొదలెట్టగానే. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు, అందులో మన కంటికి కనపడనిదేమిటి? ఈ నాలుగు ప్రశ్నలూ పదహారేళ్ళ పిల్లలకి నిద్రలో లేపి అడిగినా వచ్చేవి. ఇంట్లో పాతవేమన్నా ఉంటే పట్టుకురమ్మంటే ఒకడు రెండో ప్రపంచ యుద్ధంలో జపానువాళ్ళు అక్కడ ఏలిన కాలం నాటి నోట్లు తెచ్చాడు, ఒకత్తె బియ్యం కార్డు తెచ్చింది. ఇంకొకడు తుప్పు పట్టిన సిపాయి బాకే పట్టుకొచ్చాడు. హెడ్మాస్టరు అది లాక్కుని బీరువాలో పెట్టానన్నాడు గానీ, క్యాంటీన్‌లో కొబ్బరికాయలు కొడుతున్నది అదేనని పిల్లల మాట.

ఇక తాత సంగతి. తాత రామదాసు కొబ్బరి తోటలో కూలీ. ఆయన పేరు మీద జపాను రాతతో ఒక కాయితం అద్దం కట్టించి ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. రత్నావతి తల్లి అచ్చమ్మ, అంటే రామదాసు కూతురు, శుక్రవారం వచ్చిందంటే ఆ అద్దానికి చుట్టూ పసుపు రాసి పైన బొట్టు పెట్టేది. పాత బొట్టు తుడవదు. బొట్టు తుడిస్తే అరిష్టం కదా! బొట్టు మీద బొట్టు, బొట్టు మీద బొట్టు, చివరికది రేగిపండంత అయి కూర్చుంది.

చిన్నప్పుడు ఇదేమిటని రత్నావతి అడిగితే, "మీ తాత పరీచ్చ కాయితమే. అది నేకపోతే మనం ఎవరిమీ నేము" అందిట అచ్చమ్మ. తర్వాత ఓసారి ఇంటి కప్పుకి రేకులు దింపడానికొచ్చిన చైనా కొట్టాయన అద్దంలోకి తొంగి చూసి, "హో! పాస్ లా, పాస్!" అని, అక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి, వేలెత్తి చూపించి పోయాడు. పదేళ్ళ పిల్లకి అంతకంటే ఏం కావాలి? తాత పరీక్ష పాసయ్యాడు. జపాను కాలంలో పరీక్షంటే సైన్యం పరీక్షే. సైన్యంలో చేరినవాడు యుద్ధం చెయ్యకుండా ఉంటాడా?

అలా మొదలైంది. మొదటి ఏడాది తాత మామూలు సిపాయి. రత్నావతి ట్రైనింగ్ కాలేజీకి వెళ్ళేసరికి హవల్దారయ్యాడు. ఉద్యోగంలో చేరిన పదో ఏటికి బర్మా అడవుల్లో ఒంటిచేత్తో వంతెన కాపాడాడు. ఈ కథ ఆవిడ ఇంట్లో చెప్పినప్పుడల్లా అచ్చమ్మ ముక్కు మీద వేలేసుకుని వినేది. తండ్రి ప్రతాపం విని మురిసిపోతోందనుకునేది కూతురు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, రత్నావతి కడుపులో ఒక బాధ ఉంది. ఏ యుద్ధం పాఠం తిరగేసినా తోటల్లో చెమటోడ్చిన మనవాళ్ళ పేరు ఒక్కటీ కనపడదు. బడిలో కొత్తగా చరిత్ర గోడ కడుతున్నారు. దాని మీద తాత కాయితం ఎక్కాలి. తెలుగువాళ్ళూ ఉన్నారని పిల్లలు రోజూ చూడాలి. దానికి జిల్లా ఆఫీసు నుంచి పువాన్ నోరాయిని అనే అధికారిణి వచ్చి పాఠం చూసి, ఆధారం నిలుస్తుందంటేనే సరే. రత్నావతి రిటైరయ్యేలోగా మళ్ళీ ఇలాంటి గోడ కట్టబోరు.

ఆ రోజు రానే వచ్చింది. దేవుడి గూట్లోది ఒంటరిగా గడప దాటకూడదని ఎనభై ఏడేళ్ళ అచ్చమ్మ పటం ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. క్లాసులో వెనక బెంచీ మీద, అధికారిణి పక్కన, చీర సర్దుకుని దర్జాగా కూర్చుంది. కాసేపటికి కునుకు తీసింది కూడా.

రత్నావతి పటాన్ని బల్ల మీద నిలబెట్టింది. వంతెన కథ చెప్పింది. మలయి భాషలో చెప్పినా అబద్ధానికి రుచి తగ్గలేదు. అధికారిణి గబగబా రాసుకుంటోంది. అప్పుడు ముందు బెంచీలోంచి యోగేశ్వరి చెయ్యెత్తింది. చదువులో చురుకు, నోట్లో ఇంకా చురుకు.

"చిక్గూ, నాలుగో ప్రశ్న" అంది. అక్కడి పిల్లలు టీచర్ని అలాగే పిలుస్తారు. "ఆ బొట్టు కింద ఏముంది?"

క్లాసంతా గుసగుసలు. రత్నావతి ఓసారి బొట్టు వైపు, ఓసారి వెనక బెంచీ వైపు చూసింది. తుడవనంటే ముప్పయ్యేళ్ళుగా చెప్పిన పాఠం గంగలో కలుస్తుంది. తుడుస్తానంటే వెనక అమ్మ. అమ్మ గురక పెడుతోంది. సరే, దేవుడా నువ్వే దిక్కనుకుని, స్కేలు అంచుతో బొట్టు గీకింది. అరవై ఏళ్ళ కుంకుమ పెచ్చులు పెచ్చులుగా బల్ల మీద రాలింది.

చైనా అక్షరాలూ జపాను అక్షరాలూ చాలావరకు ఒకటే కనక చైనావాళ్ళ పిల్లాడు వెయ్ లియాంగ్‌ని పిలిచింది. వాడు వచ్చి చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"చదువు, ఫర్వాలేదు."

"చిక్గూ, కింద రెండక్షరాలు పాస్ అనే ఉన్నాయి" అన్నాడు నసుగుతూ. "బొట్టు కింద ఇంకోటుంది. కాదు అని. మొత్తం కలిపితే... నా లెక్కల పేపరు మీద మా ట్యూషన్ సార్ రాసేదే."

"అంటే?"

"ఫెయిల్, చిక్గూ."

క్లాసు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వు. ఆ గోలకి అచ్చమ్మకి మెలకువ వచ్చింది. పువాన్ నోరాయిని పెన్ను ఆపేసింది. రత్నావతి మొహాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. అక్షరాలు చెరిగిపోయాయి, వాడికి సరిగా చదవడం రాలేదు, అని ఒక్క మాట అంటే గోడ దక్కుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అయితే ముప్పై జతల కళ్ళు ఆవిడనే చూస్తున్నాయి.

"వెయ్ లియాంగ్ సరిగ్గానే చదివాడు" అంది చివరికి. "నేనే తప్పు చెప్పాను. నా కథకి ఆధారం లేదు." అంతలో తల్లి వైపు తిరిగి తెలుగులో ఉక్రోషంగా, "అమ్మా! తాత ఫెయిలైనాడని ఇన్నేళ్ళూ ఎందుకు సెప్పలేదు?" అంది.

"నువ్వెప్పుడైనా అడిగినావేటి?" అంది అచ్చమ్మ. "నువ్వు బర్మా అంటావు, వంతెనంటావు. సదువుకున్న పిల్లవి, నీకాడ ఇంకో కాయితం ఉందనుకున్నాను లా."

తెలుగింటి పిల్లే కనక యోగేశ్వరి అది మలయిలోకి మార్చి చెబుతుంటే పిల్లలు మళ్ళీ పొట్టలు పట్టుకున్నారు. అచ్చమ్మకి హుషారొచ్చింది. ఇంతమంది తన మాట వినడం ఏనాటి మాట!

"సైన్యమూ నేదు, ఏటీ నేదు. సయాం దేశంలో రైలు పట్టాలేసే పనికి మొగోళ్ళని ఏరినారు. జపాను డాక్టరు వచ్చినాడు. ముందు రోజు మా అమ్మ వెంకమ్మ మా అయ్యకి గిన్నెడు ఆముదం పట్టించేసినాది. తెల్లారి వరసలో నిలబడితే గదా! చెట్టు సాటుకీ వరసకీ, వరసకీ చెట్టు సాటుకీ. డాక్టరు కలరా అనుకుని ఆమడ దూరం గెంతినాడు. దూరం నుంచే ఈ కాయితం ఇసిరేసినాడు."

ఇప్పుడు పువాన్ నోరాయిని కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. రత్నావతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఒంటిచేత్తో వంతెన కాపాడిన తాత చెట్టు చాటుకి పరిగెత్తాడు! ఇంట్లో నోరున్న సాక్ష్యాన్ని పెట్టుకుని ఇన్నేళ్ళూ నోరులేని అద్దానికి దణ్ణం పెట్టింది తను. కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చుంది. నోటుపుస్తకం తెరిచింది.

"మరి పాసైనోళ్ళు ఎవరమ్మా?"

అచ్చమ్మ ఒక్కో వేలే ముడుస్తూ మొదలెట్టింది. గణేశన్. వీధి చివరింటి నాగప్పన్. పెద్ద దేవన్, చిన్న దేవన్, అన్నదమ్ములు. రత్నావతి రాస్తోంది. ఎవరూ చెప్పకుండానే యోగేశ్వరి లేచి ఆ పేర్లు బోర్డు మీదికి ఎక్కిస్తోంది. పిల్లల నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. రెండు చేతుల వేళ్ళూ అయిపోయి మళ్ళీ మొదటికొచ్చాయి.

"తిరిగొచ్చినోళ్ళు?" అడిగింది రత్నావతి.

"ఒక్కడూ రానేదు."

అచ్చమ్మ ఇంకొక్క వేలు ముడిచింది.

"కన్నబాబు. మా అమ్మ తమ్ముడు, పందొమ్మిదేళ్ళోడు. వాడికీ గిన్నెతో ఇచ్చినాది. మొగోడిని, నేను ఆముదం తాగడమేటని నవ్వేసి పారబోసినాడు. మంచి ఒడ్డూ పొడుగూ మనిషి. పరీచ్చలో అందరికన్నా ముందు వాడే పాసైనాడు."