నేను తుడిచిన రెండు గొట్టాలు

ఖమ్మంలో నాది స్టీలు గిన్నెల దుకాణం. భద్రాచలం చాలాసార్లు వెళ్లాను, కానీ ఈసారి వెళ్లింది మా అక్క కూతురు నస్రీన్ కోసం. హైదరాబాద్ ల్యాబ్‌లో ఆ అమ్మాయి ఎంఆర్‌ఎన్‌ఏ తయారుచేస్తుంది. అదెట్లా పనిచేస్తుందో భద్రాచలం కాలేజీ అమ్మాయిలకు చూపిస్తానంటే, నాకూ చూడాలనిపించి ఐసు పెట్టె మోస్తానన్నాను.

పొద్దున ఆరింటి బస్సు ఎక్కాం. ఇల్లెందు, టేకులపల్లి, కొత్తగూడెం మీదుగా మూడున్నర గంటలు, టికెట్టు రెండొందల చిల్లర. కండక్టర్ పెట్టె చూసి, "చేపలా భయ్యా? వాసనొస్తే దించుత" అన్నాడు. చిట్టీలని చెప్పాను. టేకులపల్లి అడవి దాటేదాకా నస్రీన్ నాకు చెప్పింది అదే మరి. డీఎన్‌ఏ అసలు పుస్తకమట, ఎంఆర్‌ఎన్‌ఏ అందులోంచి దించిన ఆర్డర్ చిట్టీ అట. కణం ఆ చిట్టీ చదివి ప్రోటీన్ చేస్తుంది. ఈ చిట్టీని తనే ల్యాబ్‌లో మూడు వారాలు కష్టపడి రాయించింది. అందులో రాసిన సరుకేమో పచ్చగా మెరిసే ప్రోటీన్.

కాలేజీకి చేరాక మూడు ఖాళీ గొట్టాలు స్టాండులో పెట్టమని చెప్పి నస్రీన్ బయటికి వెళ్లింది. గిన్నె తుడవకుండా ఇవ్వడం నాకు చేతకాదు. జేబురుమాలు కొన వత్తిలా చుట్టి రెండింటి లోపల తుడిచేశాను. మూడోది తీస్తుండగా వచ్చింది.

"మామూ, ఏంది చేసినవ్? చేతులకు, గుడ్డకు ఉండే ఎంజైములు చిట్టీని ముక్కలు చేస్తయ్. వేరే గొట్టాలు తేలే. ఈ ఒక్కటి గూడ మెరవకపోతే వీళ్లకు నేనేం జూపాలె?"

నేను రుమాలు జేబులో పెట్టేసుకున్నాను. తుడవనిదాంట్లో ఎంఆర్‌ఎన్‌ఏ, ఆ చిట్టీ చదవడానికి కణాలను పగలగొట్టి తీసిన ద్రవం పోసింది. కాసేపు ఆలోచించి, నేను తుడిచిన ఒకదాంట్లోనూ అవే పోసింది. రెండు గంటలు ఆగాలి. ఆలోగా హాస్టల్ వంటామె పెట్టిన పప్పన్నం తిన్నాం.

గది చీకటి చేసి నీలం లైటు వేస్తే తుడవని గొట్టం పచ్చగా మెరిసింది. అప్పుడు సుజాత అనే అమ్మాయి లేచి, "మేడం, ఆ రంగు మీరే కలిపిన్రా, లేకుంటే దానంతటదే తయారైందా?" అని అడిగింది.

నస్రీన్ రెండో గొట్టం మీదికి లైటు తిప్పింది. ఏమీ మెరవలేదు.

"రెండిట్ల అవే పోసిన. దీంట్ల చిట్టీ చినిగింది. మా మామూ తుడిచిండు."

అందరూ నన్ను చూసి నవ్వారు. సుజాత మాత్రం రెండు గొట్టాలూ దగ్గర పెట్టుకుని చూసి, "అంటే రంగు పోసింది గాదు, అండ్లనే తయారైంది" అంది.

ఇంత తొందరగా పాడయ్యేదాన్ని ఎందుకు నమ్ముకుంటారని తిరుగు బస్సులో అడిగాను. పని కాగానే కరిగిపోవడమే దాని మంచి గుణమట, కణంలో ఉండిపోయి ఎప్పటికీ ఆర్డర్లు ఇస్తూ కూర్చోదట. ఎక్కువ కాలం మన్నేదే మంచి సరుకని ఇన్నేళ్లుగా అమ్ముతున్నవాణ్ని, ఆ మాట అరగడానికి నాకు పాల్వంచ దాకా పట్టింది. మీరూ ఐసు పెట్టెతో ఈ దారిన వెళ్తే ఇంజిన్ పక్క సీటు వద్దు, ఆ వేడికి ఐసు ఆగదు. బస్సు మధ్యలో కూర్చుని పెట్టె ఒళ్లో పెట్టుకోండి.