నేను దాటేసిన డెసీమీటరు

మా ఇంట్లో ఏ పరదా కూడా కిటికీ కిందిదాకా రాదు. కొలత నేను తీసుకుంటానంటే మా ఆవిడ టేపు దాచేస్తుంది. దుకాణంవాడు కంటితో చూసి కోస్తాడు, జానెడు తక్కువొస్తుంది. అయినా వాడి కంటి మీదున్న నమ్మకం ఆమెకు నా చదువు మీద లేదు. (తప్పు ఆమెది కాదు. పెళ్లిచూపుల నాడే మా చిన్నమ్మ నెల్లికుదురు సంగతి చెప్పేసింది.)

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ కోసం బళ్లూ బస్సులూ దఫ్తర్లూ బందైన రోజుల్లో, నేను కొత్తగా ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి నెల్లికుదురులో ట్యూషన్లు చెప్పుకుంటూ, సమాజానికి పనికొచ్చే అవకాశం కోసం చూస్తున్నాను. అది మైకన్న రూపంలో వచ్చింది. మా ఊరి ఉద్యమ కమిటీకి ఆయనే పెద్ద. మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

"తమ్మీ, బస్టాండు కాన్నుంచి తహసీలాఫీసు దాక రెండు కిలోమీటర్లు. మానవహారం కట్టాలె. రేగొండోళ్లు మొన్న సందు లేకుంట నిలవడ్డరట. మనకాడ నడుమ తెగిందంటే ఇజ్జత్ పోతది. ఎంతమంది కావాలె?"

పక్కనే ఉన్న తండా అవ్వ (ట్రాక్టరు నిండా జనాన్ని తెచ్చిన మనిషి) "పదిమందిని నిలవెట్టి, ఎంత దూరమొచ్చిన్రో చూస్తే అయిపాయె" అంది. ఆమె వైపు జాలిగా నవ్వి, చాయ్ హోటల్ గోడ మీద సుద్దతో మొదలుపెట్టాను. రెండు కిలోమీటర్లంటే 2 × 10³ మీటర్లు. అక్కణ్నుంచి సెంటీమీటర్లకు మెట్లు దిగాలి. మెట్టుకొకటి చొప్పున ఘాతం పెరుగుతుంది. మధ్యలో డెసీమీటరు అని ఒక మెట్టుంది. నెల్లికుదురులో దాన్ని వాడిన మనిషిని నేనెన్నడూ చూడలేదు కనుక దాటేశాను. వచ్చింది 2 × 10⁴ సెంటీమీటర్లు. చేతులు చాచిన మనిషి 1.6 × 10². భాగిస్తే నూట ఇరవై ఐదు.

"గింతేనా?" అన్నాడు మైకన్న.

"సైన్సన్నా" అన్నాను.

మిగిలిన ట్రాక్టర్ల జనాన్నంతా ఆయన మహబూబాబాద్ సభకు పంపించేశాడు.

పదకొండు గంటలకు నూట ఇరవై ఐదు మంది చేతులు పట్టుకున్నారు. బస్టాండు దగ్గర బయల్దేరిన హారం రెండు వందల మీటర్లు నడిచి, సైకిల్ పంచర్ల దుకాణం ముందు అయిపోయింది. తహసీలాఫీసు కనుచూపు మేరలో లేదు. మైకన్న జీవితంలో మొదటిసారి చిన్నగా మాట్లాడాడు: "తమ్మీ, పేపరాయన వస్తుండు."

గోడ మీది లెక్క మళ్లీ చూశాను. ఉండాల్సింది 10⁵. సరిగ్గా పది రెట్లు తేడా. అయితే ఉన్నవాళ్లే పదిసార్లు నిలబడితే సరి! (నా చదువు నాకు పనికొచ్చిన సందర్భం అదొక్కటే.)

విలేకరి ఒక ఫొటో తీసుకోగానే ఆయన బండి వెనక ఎక్కి కూర్చుని, ఈ హారం వెనకున్న గణితం వివరిస్తానని బండి ఆపించేవాణ్ని. ఆలోపు మైకన్న జనాన్ని ఇళ్ల వెనక సందుల్లోంచి ఉరికించి, ముందు మలుపులో మళ్లీ నిలబెట్టేవాడు. నాలుగో మలుపులో విలేకరి "అన్నా, నీకు దండం పెడత, ఘాతాలొద్దు" అన్నాడు. ఎనిమిదో మలుపుకల్లా "జై" అన్న తర్వాత "తెలంగాణ" అనడానికి జనానికి కొంత వ్యవధి పట్టసాగింది.

మర్నాడు పేపర్లో రెండు ఫొటోలు వచ్చాయి. బస్టాండు దగ్గర ముందు నిలబడింది అద్దాల రవిక తొడుక్కున్న తండా అవ్వ; తహసీలాఫీసు దగ్గరా ఆమే. మైకన్న ఆ పేపరుకు అద్దం కట్టించుకున్నాడు.

మొన్న మహబూబాబాద్ స్టేషన్లో అవ్వ కనిపించింది. సుద్దముక్క పట్టుకున్న ఆనాటి నా మీద ఇప్పుడు నాకు కోపం లేదు. అంత ధీమాగా ఒక్క అంకె రాయడం మళ్లీ నాకు చేతకాలేదు.

"ఏం జేస్తున్నవ్ సారూ?"

"జనగామ కాలేజీలో పాఠాలు చెప్తున్న అవ్వా."

అవ్వ మోకాలు రుద్దుకుంటూ నన్ను కిందికీ మీదికీ చూసింది.

"పోరగాండ్లకు గా లెక్కలే చెప్తున్నవా?"