తుక్కు బండి ముందు ఇంటర్వ్యూ

నలభై మూడేళ్ల గౌరీదేవి మొగుడి స్కూటరెక్కి ఆదిత్యపూర్‌లో ఇంటర్వ్యూకి బయల్దేరితే గోల్‌మురిలో ఆ వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది. నొక్కుకోనీ! ఆమెకి ఒళ్లంతా హుషారే. పదహారేళ్లుగా భాలుబాసాలో తుక్కు ఇనుము వ్యాపారి దగ్గర పద్దులు రాస్తోంది. రాసేది తను, పెద్ద అకౌంటెంట్ అనిపించుకునేది షేటు బావమరిది. ఈ ఉద్యోగం రాకపోతే జీవితాంతం ఆ మూల బల్లే గతి.

“నీకేటి తక్కువే? ఎల్లు!” అని మొగుడు సూర్యం ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపి డ్యూటీకి పోయాడు.

ఆ కంపెనీ తుక్కు కరిగించి లారీల విడిభాగాలు పోస్తుంది. మూడు దేశాల్లో ఫ్యాక్టరీలున్నాయి, ఇంకో రెండు కడుతున్నారు. అందుకే సీనియర్ అకౌంటెంట్ కావాలి. వరండాలో టైలు కట్టుకున్న కుర్ర సీఏలు నలుగురు. ఈమెది ఒట్టి బీకాం.

ఫైనాన్స్ మేనేజర్ అచ్యుతరామయ్య తెలుగులోనే అడిగారు. “జులైలో కొన్న తుక్కుకీ, కరిగించాక వచ్చిన ఇనుముకీ పొంతన లేదమ్మా. దొంగతనమని ఇందాక నలుగురూ అన్నారు. మీరేమంటారు?”

“ఆ నెల్లో వానలు పడ్డాయేటి సార్?”

పక్కనున్న ఆఫీసరు కిసుక్కున నవ్వాడు. గౌరీదేవికి చిర్రెత్తుకొచ్చింది.

“లేత్ మిషను ఇనప తురుములో వాన నీళ్లు నిలుత్తాయి సార్. మీరు ఇనుము రేటుకి నీళ్లు కొంతన్నారు!”

ఆ రోజూ పొద్దున్నే వాన కురిసింది. అందరూ లారీలు తూచే కాంటా దగ్గరికి నడిచారు. అప్పుడే తూచిన లారీ దిగుతోంది. డ్రైవరు బలరామ్‌ని చూడగానే ఆమె కాళ్లు ఆగిపోయాయి. తమ షేటు బండే! వెనక తలుపు తీయిస్తే పాత ఉద్యోగం ఊడినట్టే. కొత్తది ఇంకా చేతికి రాలేదు.

“డాలా తియ్యి, బలరామ్.”

తలుపు తీయగానే తుప్పు నీళ్లు భళ్లున దూకాయి. అరగంట కారనిచ్చి మళ్లీ తూస్తే రెండు వందల ముప్పై కిలోలు తక్కువ! గౌరీదేవికి ఎగిరి గంతేయాలనిపించింది. ఆఫీసరు ఇప్పుడు నవ్వలేదు.

అచ్యుతరామయ్య మాత్రం తడిసిన బూట్లతో పకపకా నవ్వారు. “ఎప్పుడు చేరతారమ్మా?”

ఆమె నోరు విప్పేలోగా బలరామ్ బిక్కమొహంతో అడిగాడు. “అక్కా, షేటుకి ఏటని సెప్పమంతావు?”

“రేపట్నుంచి ఈ గేటు లెక్క నేనే సూత్తానని సెప్పు!”