గాజుబల్ల మేడమ్

బ్రిటన్‌లో ఒక ఏడాది చదవడానికి వెళ్ళే పిల్లలకు అక్కడి యూనివర్సిటీలో కోర్సులు ఎంచిపెట్టడం ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడ ఉద్యోగం. పిల్లలంతా గాజుబల్ల మేడమ్ అంటారు. మిగతావాళ్ళవి చెక్కబల్లలు, ఆవిడ మాత్రం పట్టుబట్టి గాజుబల్ల వేయించుకుంది. దాని మీద మరకన్నది ఉండనివ్వదు, మాట్లాడుతూనే మెత్తటి గుడ్డతో తుడుస్తుంటుంది. మార్కులు అడగదు, జీతాల ఊసెత్తదు. ఒక్కో కోర్సులో మొదటివారం చదవాల్సిన పేజీలు చేతికిచ్చి, "తొందరేం లేదు, చదువుకో" అంటుంది. తను గాజులోంచి వాళ్ళ కాళ్ళకేసి చూస్తూ కూర్చుంటుంది. మొహాలు అబద్ధమాడతాయిగానీ కాళ్ళకింకా ఆ విద్య అబ్బలేదని ఆవిడ నమ్మకం. ఆవిడ పంపినవాళ్ళెవరూ కోర్సు మార్చమని ఇంతవరకు ఫోన్ చెయ్యలేదు.

నిన్న ఒకమ్మాయి తండ్రితో వచ్చింది. "మేనేజ్‌మెంట్ రాసెయ్యండి మేడమ్, మా పిల్లకి అదంటే ప్రాణం" అన్నాడాయన, బూటుతో కుర్చీ కోడును తన్నుతూ. పిల్ల బుద్ధిగా తలూపింది. కానీ ఆ పేజీలు చదువుతున్నంతసేపూ కాలివేళ్ళకు వేలాడుతున్న చెప్పు టపటపా కొట్టుకుంటూనే ఉంది. వంతెనలు ఎందుకు కూలుతాయో చెప్పే కోర్సు దగ్గరకొచ్చేసరికి ఠక్కున ఆగిపోయింది.

"ఇదమ్మా నీ కోర్సు" అంది మేడమ్.

"కూలిపోయినవాటి గురించి చదవడానికి అంత దూరం పోవాలా?" అంటూ తండ్రి ఆ కాగితాలు లాక్కున్నాడు. గాలీవానా లేని పూట కూలిన వంతెన కథ అది. ఒక పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. మేడమ్ గాజులోంచి ఆయన బూటుకేసి ఒకసారి చూసి, చప్పుడు చెయ్యకుండా ఆ కోర్సే రాసేసింది.

"నాన్నా, వెళ్దామా?"

"ఉండవే, ఎందుకు కూలిందో తేలనీ."